గ్రీస్ కొడుతూనే ఉన్నా బేరింగ్ మాడింది: రాయగడ దగ్గర ఒక క్రషర్‌లో నిప్పిల్ త్రెడ్ కేసు

రాయగడ నుంచి గుణుపురం వెళ్లే దారిలో కొండవారగా ఒక స్టోన్ క్రషర్ ఉంది. అక్కడి వైబ్రేటింగ్ స్క్రీన్‌లో (ఊగుతూ కంకరని సైజుల వారీగా జల్లించే జల్లెడ) డ్రైవ్ వైపు, అంటే మోటారు తిప్పే వైపు, బేరింగ్ మాటిమాటికీ పోతోందని కబురొచ్చింది. ఒకసారి మార్చారు. కొన్ని నెలలకే మళ్లీ అదే వైపు మోత, అదే వేడి. రెండో వైపు బేరింగ్ మాత్రం స్క్రీన్ కొన్నప్పటిదే, ఇంకా చక్కగా తిరుగుతోంది. నేను పార్వతీపురంలో ఉంటాను. అటు ఒడిశా వైపు, ఇటు మన వైపు క్రషర్లు, రైస్ మిల్లుల బేరింగులు, గ్రీస్ లైన్లు చూడడం నా పని. బేరింగ్ పోవడం ఈ పనిలో మామూలే. ఈసారి దాన్ని చంపింది పది మిల్లీమీటర్ల ఫిట్టింగ్ ఒకటి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

స్క్రీన్ యూరప్ డిజైన్‌ది. షాఫ్ట్‌కి రెండు వైపులా 22320 నంబరు స్ఫెరికల్ రోలర్ బేరింగులు. లోపలి వ్యాసం 100, బయటి వ్యాసం 215, వెడల్పు 73 మిల్లీమీటర్లు. బయటి రింగ్ చుట్టూ గాడి, ఆ గాడిలో మూడు చిల్లులు ఉండే డబ్ల్యూ33 రకం. హౌసింగ్ (బేరింగ్ కూర్చునే గూడు) పక్కన ఉన్న రంధ్రంలోంచి వచ్చే గ్రీస్ ఆ గాడిలోకి, గాడిలోంచి చిల్లుల ద్వారా రోలర్ల మధ్యకు వెళ్లాలి. స్క్రీన్ ఊగుతున్నప్పుడు దగ్గరకెళ్లి గన్ పెట్టడం కుదరదు కదా, అందుకని కదలని ఫ్రేమ్ మీద ఒక బ్లాకు పెట్టి, దానికి నిప్పిళ్లు (గ్రీస్ గన్ మూతి పెట్టి కొట్టే చిన్న ఫిట్టింగులు) బిగించి, అక్కడి నుంచి రబ్బరు హోస్ వేశారు. హోస్ చివర హౌసింగ్ మీద ఒక ఎల్బో, అంటే వంపు తిరిగిన ఫిట్టింగ్, ఉంటుంది. కథంతా ఆ ఎల్బో దగ్గరే.

గ్రీస్ తక్కువైందా అన్నది మొదటి ప్రశ్న. ఆపరేటర్ కుర్రాడు కాస్త కోపంగానే, "రోజూ ముప్పై స్ట్రోకులు కొడుతున్నాం అన్నా, లెక్క రాస్తున్నాం కూడా" అన్నాడు. రిజిస్టర్ చూస్తే నిజమే. వాళ్ల గన్‌తో పది స్ట్రోకులు కాగితం మీదకి కొట్టి పక్క కిరాణా కొట్టు కాటా మీద తూచాం. పన్నెండు గ్రాములు తూగింది. అంటే ముప్పై స్ట్రోకులకి 36 గ్రాములు. గాడిలోంచి గ్రీస్ వెళ్లే బేరింగ్‌కి ఒకసారి ఎంత పెట్టాలో బేరింగ్ తయారీదారులు ఒక సూత్రం ఇస్తారు. బయటి వ్యాసాన్ని వెడల్పుతో, దాన్ని 0.002తో గుణించాలి. 215 × 73 × 0.002, అంటే సుమారు 31 గ్రాములు. పెట్టాల్సినదానికంటే కాస్త ఎక్కువే వెళుతోంది, అదీ రోజూ. మరి ఆ గ్రీస్ ఎటు పోతోంది?

పాత బేరింగ్ ఇంకా స్క్రాప్ కుప్పలోనే ఉంది. మన క్రషర్ల వాళ్లలో నాకు నచ్చే గుణం ఇదే, ఏదీ పారేయరు. దాన్ని డీజిల్‌తో కడగకముందే చూడడం మంచిదైంది. రోలర్ల మీద గోధుమ రంగు, ఒక వరుసలో నీలం మరకలు. రోలర్లని పట్టి ఉంచే ఇత్తడి కేజ్ అరిగి పక్కలకి పొడి రాలింది. అవన్నీ గ్రీస్ అందని బేరింగ్‌లో మామూలే. నేను వెతికింది బయటి రింగ్ గాడిని. గాడి నిండా నల్లగా బొగ్గుపెళ్లలా గట్టిపడిన పాత గ్రీస్. మూడు చిల్లులూ దాంతోనే మూసుకుపోయాయి. స్క్రూ డ్రైవర్ మొనతో గీకితే ముక్కలై రాలింది. కొత్త గ్రీస్ ఒక్క చుక్క కూడా గాడి దాకా రాలేదు. పైనుంచి నెలల తరబడి కొట్టిన గ్రీస్‌లో కాస్తయినా ఇక్కడికి చేరి ఉంటే ఇది ఇంతగా ఎండేది కాదు.

స్క్రీన్ ఆపించి, కరెంటు తీసేసే ఐసొలేటర్‌కి తాళం వేయించి, హౌసింగ్ దగ్గరికి వెళ్లాం. ఎల్బో చుట్టూ గుప్పెడు మందాన గ్రీస్, రాతిపొడి కలిసిన ముద్ద. సూపర్‌వైజర్‌కి అది గ్రీస్ బాగా అందుతోందనడానికి గుర్తు. చాలా చోట్ల ఇదే అనుకుంటారు. బేరింగ్ నిండాక పాత గ్రీస్ బయటికి రావాల్సింది షాఫ్ట్ పక్కన ఉండే సీల్ దగ్గర. అక్కడ శుభ్రంగా, పొడిగా ఉంది. ఎల్బో మొదట్లో మాత్రం ముద్ద. గన్ కొట్టిన గ్రీస్ ఎల్బో దాకా వచ్చి, లోపలి దారి బిగుసుకుని ఉండడంతో, తేలికగా దొరికిన దారిలో త్రెడ్ (మర) చుట్టూ తిరిగి బయటికి పోతోంది.

ముద్ద తుడిచి ఎల్బోని వేళ్లతో పట్టుకుంటే కొంచెం ఊగింది. రెంచ్‌తో సగం చుట్టు తిప్పేసరికి వదులై మూడు చుట్లకే చేతిలోకి వచ్చింది. త్రెడ్ మీద తెల్లటి టెఫ్లాన్ టేపు, నాలుగైదు పొరలు. టేపు ఒలిచి వెలుతురులో పెట్టి చూశాను. కొన దగ్గర మూడు పళ్లు మాత్రమే రంధ్రంలోకి వెళ్లాయి. ఆ మూడింటికీ ఒకే వైపు మెరుస్తూ నొక్కుకుపోయిన గీత ఉంది. మిగతా పళ్లు షాపులోంచి వచ్చినట్టే ఉన్నాయి, వాటి మీద పసుపు పూత కూడా చెదరలేదు.

ఇలాంటప్పుడు అందరూ చేసేది ఊడిన ఎల్బోని జేబులో వేసుకుని రాయగడ బజారుకెళ్లి "ఇలాంటిదే ఇంకోటి ఇవ్వండి" అనడం. నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, రంధ్రంలోంచి ఊడదీసిన ఫిట్టింగ్‌ని నమ్మకూడదు. అది అక్కడ ఎవరు పెట్టారో, ఏ దుకాణంలో ఏది దొరికితే అది పెట్టారో మనకి తెలియదు. యంత్రం తయారైనప్పటి నుంచి మారకుండా ఉన్నది రంధ్రం ఒక్కటే. కొలత అక్కడే మొదలవ్వాలి.

అయినా ఎల్బోని కూడా కొలిచాం, అది ఏమిటో తెలిస్తే తప్పు ఎలా జరిగిందో అర్థమవుతుంది. వెర్నియర్ పెడితే కొన దగ్గర పళ్ల మీద 9.5, లోపలి చివర దాదాపు 9.8. కొన సన్నంగా, వెనక లావుగా, అంటే టేపర్. పిచ్ గేజ్‌లో (పన్నుకీ పన్నుకీ మధ్య దూరాన్ని, అంటే పిచ్‌ని, పోల్చి చూసే బ్లేడుల కట్ట) అంగుళానికి 28 పళ్ల విట్‌వర్త్ బ్లేడు పెడితే వెలుతురు రాకుండా కూర్చుంది. వన్ బై ఎయిట్ బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు త్రెడ్) టేపర్. మన వైపు నూటికి తొంభై దుకాణాల్లో "గ్రీస్ నిప్పిల్" అంటే ఇచ్చేది ఇదే.

ఈ వన్ బై ఎయిట్ అనే పేరే సగం గందరగోళానికి కారణం. ఆ త్రెడ్‌ని ఎక్కడ కొలిచినా ఎనిమిదో వంతు అంగుళం, అంటే 3.2 మిల్లీమీటర్లు, రాదు. అది పైపు లోపలి బోరుకి ఎప్పుడో పెట్టిన నామమాత్రపు కొలత. పళ్ల మీద కొలిస్తే 9.73 మిల్లీమీటర్లు వస్తుంది. చేతిలో వెర్నియర్ ఉన్న కొత్త ఫిట్టర్ ఆ 9.7ని చూసి దగ్గరదగ్గరగా పది అనుకుని ఎం10, అంటే పది మిల్లీమీటర్ల మెట్రిక్ త్రెడ్, అంటాడు. ఎం10 చూసిన పాత మేస్త్రీ "ఇది వన్ బై ఎయిట్ రా అబ్బాయ్" అంటాడు. ఇద్దరూ కాస్త కాస్త తప్పు.

ఇప్పుడు రంధ్రం. డ్రైవ్ వైపు బేరింగ్ ఎలాగూ మార్చాలి కాబట్టి హౌసింగ్ విప్పేశాం, అది చాలా వీలైంది. రంధ్రం మొదట్లో రెండు మూడు పళ్లు చెదిరాయి, లోపలివి బాగానే ఉన్నాయి. పొలంలో, క్రషర్‌లో చిన్న రంధ్రాల్ని కొలిచే గేజులు ఎవరి దగ్గరా ఉండవు. నేను వాడేది డ్రిల్ బిట్ల వెనక భాగం, నున్నటి కాడ. పదికి దగ్గరగా ఉండే ఈ త్రెడ్‌ల విషయంలో 8.9 మిల్లీమీటర్ల డ్రిల్ ఒక్కటే చాలా వరకు తేల్చేస్తుంది. ఎం10×1 (వ్యాసం 10, పిచ్ 1 మిల్లీమీటరు) రంధ్రంలో పళ్ల కొనల మధ్య వ్యాసం 8.917 నుంచి 9.153 దాకా ఉండాలి, కాబట్టి 8.9 కాడ దూరుతుంది. వన్ బై ఎయిట్ సమాంతర బీఎస్‌పీ రంధ్రంలో అదే వ్యాసం 8.566 నుంచి 8.848 దాకా, కాడ దూరదు. టేపర్ బీఎస్‌పీలోనూ, అమెరికా పైపు త్రెడ్ ఎన్‌పీటీలోనూ నోటి దగ్గర కూడా అంత జాగా ఉండదు. కాడ మీద చక్ పట్టిన గీతలు, బొడిపెలు ఉంటే ముందు ఆయిల్ రాయి మీద రుద్దాలి, లేదంటే దూరాల్సినది కూడా దూరదు. రంధ్రం నోటి దగ్గర చెదిరిన పళ్లని చిన్న ఫైలు మొనతో సరిచేశాక పెడితే 8.9 కాడ మెత్తగా లోపలికి వెళ్లిపోయింది.

అంటే ఎం10×1 కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను, ఎవరో లోపల అరగదీసి ఉంటే కూడా కాడ దూరుతుంది. పిచ్ తేల్చాలి. రంధ్రం లోపల పిచ్ గేజ్ పట్టదు. దానికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి, నా సంచిలో తీగకి గుచ్చిన నమూనా ప్లగ్గులు: ఎం6×0.75, ఎం6×1, ఎం8×1, ఎం10×1, పావు అంగుళం 28 పళ్లది, బీఎస్‌పీ వన్ బై ఎయిట్ సమాంతరం, టేపర్, ఎన్‌పీటీ వన్ బై ఎయిట్. ఇవన్నీ మంచి షాపులో కొని, గేజ్‌తో సరిచూసుకుని, ఒక్కోదానికీ పేరు చెక్కించినవి. ఎం10×1 ప్లగ్గుని వేళ్లతోనే తిప్పితే మొదటి చుట్టు కొంచెం మొరాయించి, తర్వాత అడుగుదాకా ఊగకుండా వెళ్లింది. సరైన త్రెడ్ అంటే ఇలా ఉంటుంది, రెంచ్ అక్కర్లేదు.

రెండో పద్ధతి సాక్ష్యం కోసం, ముఖ్యంగా యజమానికి చూపించడానికి. రంధ్రానికి గ్రీస్ పల్చగా రాసి, కలిపిన ఎం-సీల్‌ని గట్టిగా నొక్కి, గట్టిపడ్డాక మెల్లగా తిప్పుతూ బయటికి తీయాలి. రంధ్రం లోపలి త్రెడ్ ముద్ర బయటికి వస్తుంది. లోపలికి దారి ఉన్న రంధ్రంలో ఇది చేస్తే ముక్క విరిగి లోపల పడిపోవచ్చు, హౌసింగ్ విప్పి ఉన్నప్పుడే చేయాలి. ఆ ముద్ర మీద ఐదు పిచ్‌ల దూరం కొలిస్తే సరిగ్గా 5 మిల్లీమీటర్లు. బీఎస్‌పీ అయితే 4.54 వచ్చేది, ఎన్‌పీటీ అయితే 4.7. ముద్రని, ఊడదీసిన ఎల్బోని పక్కపక్కన ఆనించి ఆకాశం వైపు పెట్టి చూపించాను. మొదటి పన్ను మొదటి గాడిలో కూర్చుంటే నాలుగో పన్ను దగ్గరికి పన్ను మీద పన్ను ఎక్కుతోంది. సూపర్‌వైజర్ కాసేపు చూసి "ఓహో" అని ఊరుకున్నాడు. ఎన్ని లెక్కలు చెప్పినా ఒప్పుకోని మనిషి.

రెండో వైపు హౌసింగ్‌లో అసలు ఫిట్టింగ్ ఇంకా ఉంది, అదీ ఎం10×1. తర్వాత విశాఖలో యజమాని ఆఫీసు నుంచి పార్ట్స్ బుక్ పేజీ ఫోన్‌లో ఫొటో తీసి పంపారు. హౌసింగ్ మీద ఆ చోట "డీఐఎన్ 71412, ఎం10×1" అని, అంటే జర్మన్ ప్రమాణపు గ్రీస్ నిప్పిల్ అని, అచ్చులోనే ఉంది. ఆ పేజీ ముందే క్రషర్‌లో ఉండి ఉంటే నన్ను పిలిచే పని ఉండేది కాదు.

ఇక తప్పు ఎలా పనిచేసిందో చూడండి. వన్ బై ఎయిట్ టేపర్ కొన 9.5, రంధ్రం పదిది. కొన వదులుగా దూరుతుంది. తిప్పుతుంటే ఒక్కో చుట్టుకీ దాదాపు 0.09 మిల్లీమీటర్ల తేడా పేరుకుంటూ వస్తుంది. మూడు చుట్లయ్యేసరికి పళ్లు ఒకదాని పక్క ఒకటి నొక్కుకుని బిగుసుకుంటాయి. పక్కింటి తాళంచెవి మన తాళంలో దూరి సగం తిరిగినట్టు. రెంచ్ పట్టిన చేతికి మాత్రం గట్టిగా బిగిసిందనే అనిపిస్తుంది, టేపు చుడితే ఇంకా గట్టిగా. ఒకవైపు పళ్లే తాకుతున్నాయి కాబట్టి రెండో వైపు సన్నటి సుడిదారి తెరిచే ఉంటుంది. లోపల గ్రీస్ గట్టిపడి అడ్డొస్తే గన్ ఒత్తిడికి గ్రీస్ ఆ దారినే పట్టుకుంటుంది. చేతి గన్ వందల బార్ ఒత్తిడి ఇవ్వగలదు, దానికి టేపు ఒక లెక్క కాదు. పైగా స్క్రీన్ ఊపుకి ఎల్బో రోజురోజుకీ వదులవుతుంది.

టెఫ్లాన్ టేపు గురించి నా మాట ఒకటి. సరైన టేపర్ త్రెడ్‌కి ఒకటి రెండు చుట్లు పర్వాలేదు. నాలుగు పొరలు చుడితే గానీ కారడం ఆగని త్రెడ్ అంటే అది ఆ రంధ్రానిది కాదని అర్థం. టేపు చిరిగిన నూగు గ్రీస్‌తో పాటు లోపలికి వెళ్లి చిన్న దారుల్ని మూస్తుంది. ఆటోమేటిక్ లూబ్రికేషన్ ఉన్న చోట అయితే డిస్ట్రిబ్యూటర్ (గ్రీస్‌ని పాయింట్లకి పంచే బ్లాకు) పిస్టన్లు ఇరుక్కుంటాయి. అలాంటి లైన్ల మీద నేను టేపు ముట్టుకోనివ్వను.

కారుతున్న త్రెడ్ మీద బొటనవేలు పెట్టి అదిమి, గన్ కొట్టమనే అలవాటు ఈ క్రషర్‌లోనూ చూశాను. వద్దు. అంత ఒత్తిడితో సన్నటి సందులోంచి వచ్చే గ్రీస్ చర్మం కిందికి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, మొదట పెద్దగా నొప్పి కూడా ఉండదు. లోపల వేలు కుళ్లిపోయే ప్రమాదం ఉంది. ఆలస్యం చేయకుండా సర్జరీ చేసే ఆసుపత్రికి వెళ్లాలి, "గ్రీస్ గన్ ఒత్తిడితో లోపలికి వెళ్లింది" అని డాక్టర్‌కి స్పష్టంగా చెప్పాలి. మందు రాసి కట్టు కట్టుకుని పనిలోకి వస్తే వేలు తీసేయాల్సి రావచ్చు.

మరమ్మతు పెద్ద కష్టం కాలేదు. చెదిరిన మొదటి పళ్లని ఎం10×1 ట్యాప్‌తో (రంధ్రంలో త్రెడ్ కోసే పనిముట్టు) తిన్నగా నడిపి సరిచేశాం. ట్యాప్ గాడుల్లో గ్రీస్ నింపితే చిప్స్ దానికే అంటుకుని బయటికి వస్తాయి. హౌసింగ్ గాడిని, రంధ్రాన్ని డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి, గట్టి పెళ్లలన్నీ తీశాం. రంధ్రాన్ని పెద్దది చేసి పావు అంగుళం బీఎస్‌పీ ట్యాప్ చేద్దామని లేత్ మేస్త్రీ సలహా ఇచ్చాడు. అప్పుడు రాయగడలోనే ఫిట్టింగులు దొరుకుతాయి కదా అని. నేను ఒప్పుకోలేదు. పావు అంగుళానిది పళ్ల మీద 13.16 మిల్లీమీటర్లు, 19 పళ్ల త్రెడ్. ఊగే హౌసింగ్‌లో అంచుకి దగ్గరగా ఉన్న రంధ్రాన్ని అంత పెంచితే పగులు అక్కడే మొదలవుతుంది. లోపలి పళ్లు పూర్తిగా పోయి ఉంటే వేరే ఆలోచన చేసేవాళ్లం, ఇక్కడ ఆ అవసరం లేదు.

ఎం10×1 ఎల్బో రాయగడలో, పార్వతీపురంలో దొరకలేదు. విశాఖ నుంచి తెప్పించే లోపు ఆగడం ఇష్టం లేక, హెక్స్ రాడ్ నుంచి ఒక ఎడాప్టర్ లేత్ మీద చేయించాం. ఒక కొన ఎం10×1 సమాంతరం, దాని మెడ దగ్గర చదునైన అంచు, కింద రాగి వాషర్. రెండో వైపు లోపల వన్ బై ఎయిట్ బీఎస్‌పీ, వాళ్ల దగ్గర ఉన్న హోస్ దానికే పడుతుంది. సమాంతర త్రెడ్‌లో కారకుండా ఆపేది వాషర్, త్రెడ్ కాదు. అందుకే హౌసింగ్ మీద రంధ్రం చుట్టూ వాషర్ కూర్చునే చోటు చదునుగా లేకపోతే ముందు దాన్ని చదును చేయాలి.

కొత్త బేరింగ్ వేసి, మూత పెట్టకముందే ఎడాప్టర్ బిగించి గన్ కొట్టి చూశాం. గాడి మూడు చిల్లుల్లోంచీ రోలర్ల మధ్యకు గ్రీస్ రావడం కళ్లారా కనిపించింది. ఎడాప్టర్ మెడ దగ్గర తెల్ల గుడ్డ చుట్టి ఉంచాం, ఒక్క మరక లేదు. స్క్రీన్ నడిపాక డ్రైవ్ వైపు హౌసింగ్ వేడి రెండో వైపు కంటే నాలుగైదు డిగ్రీలే ఎక్కువ చూపించింది. అంతకుముందు ముప్పై పైన తేడా ఉండేది. కొన్ని రోజులకి షాఫ్ట్ సీల్ దగ్గర పాత గ్రీస్ ఉంగరంలా బయటికి రావడం మొదలైంది. రోజూ ముప్పై స్ట్రోకులు ఇక అక్కర్లేదని చెప్పి, తయారీదారు ఇచ్చిన గంటల లెక్కకి మార్చాం. గ్రీస్ ఎక్కువైనా ఈ బేరింగులు వేడెక్కుతాయి.

అదే పనిలో క్రషర్‌లోని మిగతా గ్రీస్ పాయింట్లు కూడా చూసేశాం. ఒక్కో యంత్రం ఒక్కో దేశపు డిజైన్ కాబట్టి ఒక్కోటీ ఒక్కో త్రెడ్. జపాన్ మోడల్ ఎక్స్‌కవేటర్ బకెట్ పిన్నుల దగ్గర పీటీ వన్ బై ఎయిట్. అది మన బీఎస్‌పీ టేపరే, పేరు మాత్రం వేరు. ఇక్కడ రాయగడ నిప్పిల్ సరిగ్గా సరిపోతుంది. మొత్తం క్రషర్‌కి ఒకే రకం నిప్పిళ్ల డబ్బా కొనే అలవాటు బహుశా ఇక్కడి నుంచే మొదలై ఉంటుంది. అదే ఎక్స్‌కవేటర్‌లో ఒకటి రెండు చిన్న నిప్పిళ్లు ఎం6×0.75. జపాన్ ప్రమాణంలో ఇది మామూలు. బజారులో ఎం6 నిప్పిల్ అంటే పిచ్ 1 ఉన్నదే ఇస్తారు. ఒక చుట్టు తిరిగి ఆగిపోతుంది, బలవంతం చేస్తే రంధ్రం పాడవుతుంది. ఈ రెండింటినీ గుర్తుపట్టడం మాత్రం తేలిక. ఐదు పిచ్‌లకి ఒకటి 3.75, ఇంకోటి 5 మిల్లీమీటర్లు, కంటికే తెలిసిపోతుంది.

కష్టమైన జంట ఎయిర్ కంప్రెసర్ దగ్గర దొరికింది. అమెరికా డిజైన్, మోటారు బేరింగ్ కవర్ మీద ఎన్‌పీటీ వన్ బై ఎయిట్. అంగుళానికి 27 పళ్లు, 60 డిగ్రీల కోణం. మన బీఎస్‌పీకి 28 పళ్లు, 55 డిగ్రీలు. రెండూ టేపరే, టేపరు కూడా ఒకే వాలు, 16కి 1. ఒకదాంట్లో ఒకటి మూడు నాలుగు చుట్లు హాయిగా వెళ్తాయి. విట్‌వర్త్ 1841లో ఇంగ్లండ్‌లో 55 డిగ్రీలు అన్నాడు, సెల్లర్స్ 1864లో అమెరికాలో 60 అన్నాడు. వాళ్ల తేడాని ఇప్పటికీ మనం గ్రీస్ రూపంలో నేల మీద తుడుస్తున్నాం. ఇంత చిన్న త్రెడ్‌లో కోణాన్ని కంటితో చూసి చెప్పగలనంటే నేను నమ్మను, అరిగిన త్రెడ్‌లో అయితే అస్సలు కుదరదు. కొన దగ్గర వెర్నియర్ పెట్టడమే మేలు. బీఎస్‌పీ టేపర్ కొన 9.5 దగ్గర, ఎన్‌పీటీ కొన దాదాపు 10. అర మిల్లీమీటరు తేడా ఏ వెర్నియర్‌కైనా దొరుకుతుంది. తర్వాత పిచ్ గేజ్‌తో ఖాయం చేసుకోవాలి. ఏడు పళ్లకి ఈ రెండింటి తేడా పావు మిల్లీమీటరు లోపే, కాబట్టి బ్లేడు పెట్టి వెనక నుంచి వెలుతురు చూడాల్సిందే.

టేపర్ కనిపించగానే పైపు త్రెడ్ అని తేల్చేయడం కూడా తప్పు. డీఐఎన్ 71412 నిప్పిళ్లలో ఎం6, ఎం8×1, ఎం10×1 త్రెడ్‌లు కూడా చాలా వాటికి పొట్టిగా, టేపర్‌గానే ఉంటాయి. సమాంతర రంధ్రంలో బిగిస్తే వాషర్ లేకుండానే పట్టుకుంటాయి. స్క్రీన్ రెండో వైపున్నది ఆ రకమే. ఎం10×1 టేపర్, ఎన్‌పీటీ వన్ బై ఎయిట్ కొనలు వెర్నియర్ మీద రెండూ పది దగ్గరే చూపిస్తాయి. అక్కడ వ్యాసం పనికిరాదు, పిచ్ ఒక్కటే తేలుస్తుంది, ఐదు పిచ్‌లకి 5.0నా, 4.7నా అని.

ఇవన్నీ ఒక పేజీలో రాసి స్టోర్ రూమ్ గోడకి అంటించాం. ఏ యంత్రం, ఏ పాయింటు, ఏ త్రెడ్ అన్నది మాత్రమే. నిప్పిళ్ల డబ్బాని నాలుగు గదులుగా చేయించి, ఎం10×1 గదికి ఎర్ర రంగు వేశారు. ఎన్‌పీటీ నిప్పిళ్లు విశాఖ నుంచి కొద్దిగా తెప్పించి కంప్రెసర్ పక్కనే ఒక సీసాలో పెట్టారు. వాటిని స్టోర్‌లోకి పంపొద్దని నేనే చెప్పాను, కలిస్తే మళ్లీ విడదీసే ఓపిక ఎవరికీ ఉండదు.

జా క్రషర్ మీద ఒక రంధ్రం మాత్రం మిగిలిపోయింది. దాన్ని ఎప్పుడో ఎవరో పెద్దది చేసి చేత్తో ట్యాప్ చేశారు. ట్యాప్ వంకరగా దిగి, ఒక వైపు పళ్లు లోతుగా, ఇంకో వైపు పైపైన ఉన్నాయి. నమూనా ప్లగ్గుల్లో ఏదీ సరిగ్గా కూర్చోలేదు, పిచ్ మాత్రం 19 పళ్లకి దగ్గరగా ఉంది. అక్కడ ఇప్పటికి పావు అంగుళం బీఎస్‌పీ నుంచి వన్ బై ఎయిట్‌కి తగ్గించే బుష్ పెట్టి, త్రెడ్ సీలెంట్ రాసి నడిపిస్తున్నారు. వర్షాకాలం షట్‌డౌన్‌లో ఆ కవర్ విప్పి పార్వతీపురం పంపిస్తే, రంధ్రాన్ని తిన్నగా బోర్ చేసి బుష్ వేసి, లోపల కొత్తగా వన్ బై ఎయిట్ తీయించాలన్నది ప్లాన్. కవర్ బరువు ఇద్దరు ఎత్తలేనిది, ట్రాక్టర్ ట్రాలీ మాట్లాడి ఉంచమన్నాను.